చైనా రూమ్మేట్ "చిన్న చిన్న మాటలకే" ఎందుకింత కుంగిపోయింది?

ప్రశ్న: అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా రూమ్మేట్ చైనా అమ్మాయి, పీహెచ్‌డీ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో తన పేరుకి నోరు తిరగట్లేదని వాళ్ళే "షెల్లీ" అని పెట్టేశారు. ఆ మధ్య బస్టాప్ దగ్గర కారులో పోతూ ఎవరో "మీ దేశం పో" అని అరిచారు. అంతే, చెయ్యి చేసుకోలేదు, వెంటపడలేదు. అప్పటి నుంచి గదిలోంచి బయటికి రావడం తగ్గించేసింది. రాత్రంతా మేలుకునే ఉంటుంది, కడుపునొప్పి అంటుంది. "ఇవన్నీ మాకూ జరుగుతాయి, లైట్ తీసుకో" అన్నాను. ఆ తర్వాత నాతో కూడా సరిగ్గా మాట్లాడట్లేదు. ఇంత చిన్న విషయాలకు మనిషి నిజంగా ఇంత దెబ్బతింటారా? నేనేం చెయ్యాలి?

జవాబు:

దెబ్బతింటారు. మీరు చెప్పిన లక్షణాలన్నీ నాకు బాగా తెలిసినవే. అమెరికాలో ఒక యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లో ఏళ్ళ తరబడి పనిచేశాను. నా దగ్గరికి వచ్చిన చైనా విద్యార్థుల్లో "నామీద జాతి వివక్ష చూపించారు, అందుకే మనసు బాగాలేదు" అంటూ వచ్చినవాళ్ళు దాదాపు లేరు. నిద్ర పట్టట్లేదని వచ్చారు. కడుపులో మంట అని హెల్త్ సెంటర్‌కి వెళ్తే, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళమని డాక్టరు పంపితే వచ్చారు. కొన్ని వారాలు మాట్లాడాక, ఇంకేదో చెబుతూ మధ్యలో "అదేం పెద్ద విషయం కాదులెండి" అంటూ అసలు సంగతి బయటపెట్టేవాళ్ళు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజువారీ వివక్షలో మనిషిని లోపల తినేసేది ఆ అన్న మాట కాదు. అది వివక్షేనా కాదా అని తేల్చుకోలేక, చివరికి తప్పంతా తన మీదే వేసుకోవడం. బస్టాప్ దగ్గర అరిచినవాడి సంగతి ఒక రకంగా నయం, వాడు వెధవ అని ఎవరినడిగినా చెప్తారు. ల్యాబ్‌లో జరిగేది అలా తేలదు. మీటింగ్‌లో తను చెప్పిన ఐడియాకి ఎవరూ పలకరు, కాసేపయ్యాక ఇంకొకరు అదే చెప్తే "గుడ్ పాయింట్" అంటారు. నా యాస అర్థం కాలేదా? గట్టిగా చెప్పలేదా? లేక నేనంటేనే లెక్క లేదా? ఏదీ రుజువు చేయలేం. రాత్రి పడుకుంటే బుర్రలో అదే రీలు తిరుగుతూ ఉంటుంది.

ఇలాంటివాటికి "మైక్రోఅగ్రెషన్" అని పేరు పెట్టింది హార్వర్డ్‌లో పనిచేసిన చెస్టర్ పియర్స్ అనే సైకియాట్రిస్టు, 1970లో. ఆయన నల్లజాతీయుడు, తనవాళ్ళకు రోజూ ఎదురయ్యే అవమానాల గురించి రాశాడు. 2007లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు ఆ ఆలోచనను మళ్ళీ తీసుకుని, ఆసియా మూలాలవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యేవాటిని విడదీసి చూపించారు. ఎన్ని తరాలుగా ఇక్కడున్నా పరాయివాళ్ళుగా చూడటం, లెక్కల్లో దిట్ట అయ్యుంటావని ముందే తీర్మానించడం, ఆసియావాళ్ళంతా ఒకటే అనడం, ఎదురుగా ఉన్నా లేనట్టే మసలుకోవడం. ఒక్కోటీ చూస్తే చిన్నదే. చెప్పులో రాయి కూడా చిన్నదే, నడవాల్సిన దూరం మాత్రం అయిదారేళ్ళ పీహెచ్‌డీ.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను, వివరాలు మార్చి. బిజినెస్ కోర్సు. ప్రొఫెసర్ "మీరే నలుగురేసి గ్రూపులు కట్టండి" అన్నారు. క్లాసంతా కుర్చీలు జరుపుకుంది. ఇతను తలెత్తి చూసేసరికి వెనక వరుసలో ఇంకో ముగ్గురు చైనా విద్యార్థులు మిగిలి ఉన్నారు. సరే, మనమే ఒక గ్రూపు అనుకున్నారు. ప్రొఫెసర్ దగ్గరికొచ్చి, మంచి ఉద్దేశంతోనే, "మీరంతా ఒకేచోట చేరితే ఇంగ్లీష్ ఎలా వస్తుంది?" అని వాళ్ళని విడదీసి తలో గ్రూపులో వేశారు. అమెరికన్లు నలుగురూ ఒకేచోట చేరితే ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అది వేరే సంగతి. కొత్త గ్రూపులో ఇతనికి ఎక్సెల్ పని అప్పజెప్పారు. "రైటింగ్ మేం చూసుకుంటాం, నువ్వు టెన్షన్ పడకు" అన్నారు. అయినా అతను రెండు పేజీలు రాసి పంపాడు. ఫైనల్ కాపీలో అవి లేవు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. ప్రెజెంటేషన్ రోజు అతని వంతుకి ఒకే ఒక్క స్లైడ్ వచ్చింది, అందులో ఒక గ్రాఫ్.

ఇందులో ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? ఎవరూ తిట్టలేదు, పైగా గ్రూపుకి "A" గ్రేడ్ వచ్చింది. అతను మాత్రం ఆ తర్వాత క్లాసులో నోరు విప్పడం మానేశాడు. ఒక వాక్యాన్ని మనసులో సరిచూసుకునేలోపు చర్చ వేరే దగ్గరికి వెళ్ళిపోయేదట. మాట్లాడకపోతే పార్టిసిపేషన్ మార్కులు పోతాయి, మార్కులు పోతే "చైనావాళ్ళు క్లాసులో నోరు విప్పరు" అన్న మాటకి అతనే సాక్ష్యం అయిపోతాడు. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు అతను అడిగింది ఒకటే: ఇంట్రోవర్ట్ స్వభావం తగ్గడానికి ఏదైనా మందు ఉందా అని.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ పిల్లలు మైనారిటీగా పెరిగినవాళ్ళు కాదు. చైనా జనాభాలో 91 శాతం హాన్ జాతివాళ్ళే. చెంగ్డూలోనో వూహాన్‌లోనో పుట్టి పెరిగిన పిల్ల తన ముఖం గురించి, పేరు గురించి ఒక్కరోజు కూడా ఆలోచించాల్సిన అవసరం రాదు. క్లాసులో ముందు వరుస, ఊళ్ళో గౌరవం. విమానం దిగిన రోజు నుంచి హఠాత్తుగా "ఏషియన్" అయిపోతుంది. అమెరికాలోని చాలా నల్లజాతి ఇళ్ళలో పిల్లలకు చిన్నప్పుడే చెప్పి పెంచుతారు: బయట నిన్ను ఇలా చూస్తారు, అది నీ తప్పు కాదు, అప్పుడు ఇలా నడుచుకో అని. ఆ పాఠం వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఇంకో పాఠం. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష గావోకావ్ కోసం రాత్రింబవళ్ళు చదివిన పిల్లలు కదా, కష్టపడితే వస్తుంది, రాలేదంటే నువ్వు కష్టపడలేదు. ఎంసెట్ కోచింగుల్లో నలిగిన మనవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ పాఠం పట్టుకుని అవమానాన్ని చూస్తే, అవమానం కూడా తన చదువులో లోపంలాగే కనిపిస్తుంది.

2015లో ప్లాస్ వన్ పత్రికలో 293 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. రేసిజం ఎదుర్కొన్నవాళ్ళ మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందని అది తేల్చింది, అందులో ఆశ్చర్యం లేదు. ఆసక్తి కలిగించేది ఇంకొకటి: ఆ సంబంధం నల్లజాతి అమెరికన్లలో కంటే ఆసియన్ అమెరికన్లలో, లాటినోల్లో ఎక్కువ బలంగా కనిపించింది. ఎదురయ్యే వివక్ష నల్లవాళ్ళకే తక్కువని దీనర్థం కాదు. ముందే చెప్పి పెంచడం, చర్చిలోనో చుట్టాల్లోనో చెప్పుకోవడానికి మనుషులుండటం వాళ్ళని కొంత కాచి ఉండొచ్చని నాకనిపిస్తుంది. ఆ లెక్కలు అమెరికాలోని ఆసియన్లవి. నిన్నగాక మొన్న వచ్చిన విద్యార్థికి ఆ పాటి అండ కూడా ఉండదు.

పేరు దగ్గరికొద్దాం. "షెల్లీ" అన్నది మీకు చిన్న విషయంగా అనిపించి ఉండొచ్చు. 2017లో అచ్చయిన ఒక ప్రయోగంలో, అమెరికాలోని తెల్లజాతి ప్రొఫెసర్లకి ఒక చైనా విద్యార్థి రాసినట్టుగా ఈమెయిల్ పంపారు. కొందరికి "షియాన్" పేరుతో, కొందరికి "అలెక్స్" పేరుతో. అలెక్స్‌కే జవాబులు ఎక్కువ వచ్చాయి. కాబట్టి ఇంగ్లీష్ పేరు పెట్టుకున్నవాళ్ళది పిచ్చి కాదు, దానివల్ల పనులు జరుగుతాయి. సొంతంగా, ఇష్టంగా పెట్టుకునేవాళ్ళూ చాలామంది ఉన్నారు. కానీ తను పెట్టుకోవడం వేరు, పలకడానికి బద్ధకమై ఇంకొకరు తగిలించడం వేరు. అదే 2017 ఫిబ్రవరిలో, చైనా కొత్త సంవత్సరం రోజుల్లో, కొలంబియా యూనివర్సిటీ హాస్టళ్ళలో ఆసియా పేర్లున్న తలుపుల మీది నేమ్‌ట్యాగులను ఎవరో చింపేశారు. అక్కడి చైనా విద్యార్థులు తమ పేర్లకు అర్థమేంటో చెప్తూ ఒక వీడియో చేసి పెట్టారు. ఎవరి మీదా అరవలేదు. ఆ వీడియో అప్పట్లో బాగా తిరిగింది.

భాషది ఇంకో గోల. 2019 జనవరిలో డ్యూక్ యూనివర్సిటీ బయోస్టాటిస్టిక్స్ విభాగం నుంచి మాస్టర్స్ విద్యార్థులకు ఒక ఈమెయిల్ వెళ్ళింది. బిల్డింగ్‌లో ఉన్నంతసేపూ నూటికి నూరుపాళ్ళు ఇంగ్లీషే మాట్లాడండి అని. చైనీస్‌లో గట్టిగా మాట్లాడుకున్న విద్యార్థులెవరో ఫొటోలు చూసి గుర్తుపట్టాలని ఇద్దరు అధ్యాపకులు అడిగారనీ, రేపు ఇంటర్న్‌షిప్ కోసం వస్తే గుర్తుంచుకోవడానికనీ అందులో రాశారు. గొడవయ్యాక ఆ ప్రోగ్రామ్ డైరెక్టర్ పదవి నుంచి తప్పుకున్నారు, యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. కానీ ఆ ఈమెయిల్ చదివిన విద్యార్థి బ్రేక్ రూమ్‌లో అమ్మ ఫోన్ వస్తే ఏం చేస్తుంది? ఎత్తదు. లేదా చలిలో బయటికెళ్ళి మాట్లాడుతుంది. మీ రూమ్మేట్ ఫోన్ వచ్చినప్పుడల్లా గది తలుపేసుకుంటుందా, కాస్త గమనించండి.

ఇక 2020. జనవరి, ఫిబ్రవరిల్లో మాస్క్ పెట్టుకుంటే రోగం మోసుకొచ్చినట్టు ఇక్కడివాళ్ళు చూశారు, పెట్టుకోకపోతే వీడియో కాల్‌లో అమ్మానాన్న తిట్టారు. ఆ జనవరిలోనే బర్కిలీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఒక పోస్టు పెట్టింది. కరోనా వార్తలకు మనసులో కలిగే "మామూలు స్పందనల" జాబితాలో విదేశీయుల పట్ల భయాన్నీ, ఆసియావాళ్ళతో మసలడానికి జంకునీ చేర్చింది. తర్వాత తీసేసి క్షమాపణ చెప్పారనుకోండి. బాధపడుతున్న విద్యార్థి సాయం కోసం వెళ్ళాల్సిన చోటే అది! మార్చిలో దేశాధ్యక్షుడే "చైనీస్ వైరస్" అన్నాడు. ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ నడిబొడ్డున ఇద్దరు చైనా విద్యార్థినుల మీద దాడి జరిగింది. ఇల్లు చేరదామంటే విమానాలు లేవు, మార్చి చివర్లో చైనా ప్రభుత్వం ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో దేశం నుంచి వారానికి ఒక్క విమానమే అనుమతించింది. ఎలాగో టికెట్ దొరికి వెళ్ళినవాళ్ళని సొంత దేశంలో నెటిజన్లు ఏమన్నారో తెలుసా? దేశాన్ని కట్టేటప్పుడు లేరుగానీ, వేల మైళ్ళ నుంచి విషం తేవడానికి మాత్రం ముందున్నారు అని. అప్పట్లో ఇక్కడ చదివిన విద్యార్థుల్లో ఇది చాలామందికి ఇంకా మానలేదు. మీ రూమ్మేట్ ఆ తర్వాత వచ్చి ఉంటుంది, అయినా ఆ కథలన్నీ చైనావాళ్ళ వాట్సాప్ లాంటి వీచాట్‌లో చదివే వచ్చి ఉంటుంది.

దీని మీద ఇంకో పొర ఉంది, అది మన విద్యార్థులకు ఇంతగా తగలదు. గూఢచారి అన్న అనుమానం. 2018 ఫిబ్రవరిలో అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ సెనేట్ కమిటీ ముందు చైనా విద్యార్థుల గురించి అడిగినప్పుడు, ఆ ముప్పు చైనా ప్రభుత్వానిది మాత్రమే కాదు, మొత్తం సమాజానిది అన్నాడు. చైనా కోసం రహస్యాలు దొంగిలిస్తున్నారన్న అనుమానాల మీద అమెరికా న్యాయశాఖ ఆ ఏడాది నవంబర్లో మొదలుపెట్టిన "చైనా ఇనిషియేటివ్" 2022 ఫిబ్రవరి దాకా నడిచింది. 2020లో వచ్చిన అధ్యక్ష ప్రకటన 10043తో కొన్ని చైనా విద్యాసంస్థల్లో చదివిన గ్రాడ్యుయేట్ విద్యార్థులకు వీసాలు ఆగాయి. 2025 మే నెలాఖరులో చైనా విద్యార్థుల వీసాలు "దూకుడుగా" రద్దు చేస్తామని విదేశాంగ మంత్రి ప్రకటించాడు. ఇవన్నీ తలలో పెట్టుకుని ల్యాబ్‌లో కూర్చున్న అమ్మాయితో పక్క సీటువాడు నవ్వుతూ "ఆ డేటా ఎక్కడికి పంపుతున్నావ్?" అంటాడు. వాడికి జోకు. ఆమెకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

కడుపునొప్పి సంగతి. దొంగ నొప్పి కాదది. 1980 దశకం మొదట్లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు చైనాలోని హునాన్‌లో "నరాల బలహీనత" అని పేరు పడ్డ 100 మంది రోగులను పరీక్షిస్తే, 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. వాళ్ళు చెప్పుకున్నది మాత్రం తలనొప్పి, నిద్రలేమి, నీరసం. మనసు బాగాలేదంటే పిచ్చి అంటారు, కడుపు బాగాలేదంటే జావ కాచి పెడతారు. మన ఊళ్ళలోనూ అంతే కదా. ఇప్పటి తరం కొంత మారింది, పూర్తిగా కాదు. 2013లో వచ్చిన యేల్ యూనివర్సిటీ సర్వేలో జవాబిచ్చిన చైనా విద్యార్థుల్లో 45 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు, 29 శాతం మందికి యాంగ్జైటీ లక్షణాలు ఉన్నాయి. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ ఉందన్న సంగతే తెలియనివాళ్ళు 27 శాతం. చిన్న సర్వే అది, ఒక్క యూనివర్సిటీది, కాబట్టి చైనా విద్యార్థులందరికీ దాన్ని అంటగట్టకూడదు. అన్నిటికీ రేసిజమే కారణం అని కూడా నేననను. గైడ్‌తో ఇబ్బందులు, ఒంటరితనం, ఇంటి మీద బెంగ, డబ్బు, అన్నీ ఉంటాయి. ఆ బరువులన్నీ మోస్తున్నవాళ్ళ మీద ఇది రోజూ ఇంకాస్త వేస్తుంది.

ఇంట్లో చెప్పుకోరా అంటే, చెప్పుకోరు. మంచి కబుర్లే చెప్పాలి, బాధలు దాచాలి అన్నది అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. పైగా చాలామంది ఒక్కగానొక్క సంతానం, చదువుకి ఫ్లాట్ అమ్మిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ అమ్మతో "నన్ను రోడ్డు మీద తిట్టారు" అని ఏ పిల్ల చెప్తుంది?

మీరన్న "మాకూ జరుగుతాయి" దగ్గరికి వస్తున్నాను. జరుగుతాయి, కాదనను. 2009లో మెల్‌బోర్న్‌లో చదువుకోడానికి వెళ్ళిన మన తెలుగు కుర్రాణ్ణి స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. 2017లో కాన్సాస్‌లో "మా దేశం నుంచి వెళ్ళిపో" అంటూ కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. అందుకే మీరు ఆమెకి అందరికంటే బాగా అర్థం చేసుకోగల మనిషి. కానీ "మాకూ జరుగుతాయి, లైట్ తీసుకో" అన్న మాటలో మొదటి సగం సాయం, రెండో సగం దెబ్బ. తన మనసులో అప్పటికే తిరుగుతున్న "నేనే ఎక్కువ చేస్తున్నానా" అన్న అనుమానానికి మీరు ముద్ర వేసినట్టయింది. ఇంకొకటి కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. 2020లో మన దేశంలోనే ఈశాన్య రాష్ట్రాలవాళ్ళని రోడ్డు మీద "కరోనా" అని పిలిచారు. "చింకీ" అన్న మాట మన హాస్టళ్ళలో జోకుగా చెల్లిపోతుంది. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చైనావాళ్ళ మీద తిరిగే జోకులు మీ ఫోన్లో ఉంటే, అవి ఆమె కంట పడ్డాయేమో కూడా ఆలోచించండి.

ఇప్పుడేం చెయ్యాలి. ముందు వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోండి. "ఆ రోజు లైట్ తీసుకో అన్నాను, అలా అనకుండా ఉండాల్సింది. అసలేం జరిగిందో వినాలనుంది" అంటే చాలు. చెప్పేటప్పుడు "వాళ్ళ ఉద్దేశం అది కాదేమో" అనకండి, ఆ వాదన ఆమె తనతో తాను ఎప్పుడో చేసుకుని ఉంటుంది. పరిష్కారం కూడా వెంటనే చెప్పకండి. ఏ పేరుతో పిలిస్తే ఇష్టమో అడిగి, అది ఆమె నోటి వెంట విని, సరిగ్గా వచ్చేదాకా పలకండి. సాయంత్రం బస్సుకి కలిసి వెళ్ళండి. వంట చేసుకునేటప్పుడు ఆమెకీ ఒక ప్లేటు పెట్టి తలుపు కొట్టండి, రానంటే బలవంతం వద్దు, రేపు మళ్ళీ కొట్టండి.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ 6 ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీల్లో జాతి, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపడం నిషేధం. విదేశీ విద్యార్థులకూ అది వర్తిస్తుంది. ల్యాబ్ విషయం కాబట్టి తేదీలు, అన్న మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఫిర్యాదు చేయకపోయినా అది పనికొస్తుంది, జరిగింది కాగితం మీద కనిపిస్తే "నేనే ఊహించుకున్నానా" అన్న పోరు కొంత తగ్గుతుంది. కానీ "కంప్లైంట్ ఇవ్వాల్సిందే" అని మీరు పట్టుబట్టకండి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గర వాళ్ళ స్టేటస్ వివరాలుండే రికార్డులు) ఉన్నట్టుండి రద్దయి, కోర్టు కేసుల తర్వాతే మళ్ళీ తెరుచుకోవడం అందరూ చూశారు. ఇప్పుడు ఎవరి దృష్టిలోనూ పడకుండా ఉండాలనుకోవడం పిరికితనం కాదు.

కౌన్సెలింగ్ గురించి చైనా విద్యార్థులకు ఉండే భయాలు రెండు మూడే. ప్రొఫెసర్‌కి తెలుస్తుందేమో, ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి ఎక్కుతుందేమో, వీసాకి అడ్డమేమో. అక్కడ చెప్పింది గైడ్‌కి చేరదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి రాదు. ప్రాణాపాయం లాంటి, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప అక్కడి మాట బయటికి పోదు. చాలా క్యాంపస్‌లలో దాని ఖర్చు ఫీజులోనే ఉంటుంది. చైనీస్ మాట్లాడే కౌన్సెలర్ ఉంటే బాగుంటుందని మనం అనుకుంటాం, కొందరు మాత్రం సొంతవాళ్ళలో కబురు పాకుతుందని వద్దంటారు. అడిగి చూడండి. మనసు అన్న మాట ఇబ్బందిగా ఉంటే "నిద్ర కోసం వెళ్దాం" అనండి. అబద్ధం కూడా కాదు.

చదువు నడిచే స్థితిలో లేకపోతే, కోర్సులు తనంతట తాను డ్రాప్ చేయొద్దని గట్టిగా చెప్పండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా నియమాల్లో అనారోగ్యం కారణంగా కోర్స్ లోడ్ తగ్గించుకునే వీలుంది, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకు, అవసరమైతే పూర్తిగా ఆపుకోవచ్చు కూడా. డిప్రెషన్ అందులోకి వస్తుంది. లైసెన్స్ ఉన్న డాక్టరు లేదా క్లినికల్ సైకాలజిస్టు లెటర్ కావాలి, మామూలు కౌన్సెలర్ లెటర్ సరిపోదు. దాంతో ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి తీసుకోవాలి. ముందు అనుమతి, తర్వాతే డ్రాప్. వరస తప్పితే స్టేటస్‌కే ముప్పు.

చావు గురించి మాట్లాడినా, వస్తువులు పంచిపెట్టడం మొదలుపెట్టినా, తిండి పూర్తిగా మానేసినా ఇవేవీ చూస్తూ కూర్చోకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, మీరైనా సరే, ఇంగ్లీష్ కష్టమైతే ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి తీసుకుంటారు. అంత దూరం రాకపోయినా, ఆమె కౌన్సెలింగ్‌కి రానంటే మీరొక్కరే వెళ్ళండి. స్నేహితుల గురించి దిగులుపడి వచ్చేవాళ్ళతో మాట్లాడటం కూడా ఆ సెంటర్ల పనే, ఆమె పేరు చెప్పాల్సిన అవసరం కూడా లేదు.